శంషాబాద్ బావిలోకి దింపిన కందిలి

శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే ఒక అధికారి నాకు ఎదురొచ్చి, గౌరవంగా దారి చూపించాడు. తణుకులో ఇప్పటికి చాలామందికి ఇలాగే చెప్పాను, అందరూ నమ్మారు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి మొరాయిస్తోంది కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. నేను దిగింది విమానంలోంచి కాదు, బస్సులోంచి. రాత్రంతా రైల్లో నిద్రలేక, సికింద్రాబాదులో బస్సెక్కగానే నిద్రపోయి, దిగాల్సిన శంషాబాద్ ఊరు దాటిపోయి, ఆఖరి స్టాపులో మేలుకున్నాను. అధికారి అన్నది గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి. దారి చూపించాడన్నది మాత్రం అక్షరాలా నిజం.

"పెద్దాయనా, టికెట్ లేకుంటే లోపలికి పోరాదు. బయటికి దారి గిది."

అక్కడ చాయ్ ధర విని గ్లాసు తిరిగి ఇచ్చేశాను. ఆ డబ్బుకి మా ఊళ్ళో ఇంటిల్లిపాదికీ ఇడ్లీలొస్తాయి. తాగకుండానే ఒళ్ళు వేడెక్కింది.

నన్ను పిలిచింది ఎయిర్‌పోర్టు వాళ్ళని, ముఖ్య అతిథిగా పిలిచారని కూడా బయల్దేరే ముందు చెప్పుకున్నాను. అదీ కాదు. పిలిచింది స్వరూప. వయసులో ఉన్నప్పుడు నేను శంషాబాద్ జూనియర్ కాలేజీలో కొన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. అప్పుడు నేను కిరాయికున్న ఇంటి ఆసామి మల్లయ్య కూతురు ఆమె. వాళ్ళ నాన్న భుజమ్మీదెక్కి నా జేబులో చాక్‌పీసులు దొంగిలించేది. ఇప్పుడు నలభై దాటిన మనిషి. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకుల గోదాములో గేటు పని చేస్తోంది. ప్రమాదకరమైన రసాయనాలు లీకైతే ముందుగా వెళ్ళే దళం ఒకటి అక్కడ ఉంది. అందులో చేరడానికి శిక్షణ తీసుకుంటోంది.

"ఇంగ్లీషుల చెప్తుంటే మావోళ్ళకు ఎక్కుతలేదు సారూ. మీరైతే నవ్విచ్చుకుంట చెప్తరు. ఒక్క పూట వచ్చి చెప్పుండ్రి" అని ఫోను చేసింది.

ఒక్క పూట అంది. నేను మూడు రోజులకు బట్టలు సర్దుకున్నాను.

ద్రాక్షతోటలు ఉండిన చోటు

స్వరూప స్కూటీ మీద వచ్చి నన్నెక్కించుకుంది. వెనక కూర్చుని దారి పొడుగునా నా జ్ఞాపకాలను వెతుక్కున్నాను. ఇక్కడ ద్రాక్షతోటలుండేవి. రాతి స్తంభాలు, తీగల పందిళ్ళు, వాటి కింద పగలే చీకటి. తోటల చోట ఇప్పుడు ప్లాట్లు వేశారు. హద్దురాళ్ళకు పసుపు రంగు పూసి నంబర్లేశారు. వాటిలో కొన్ని పాత పందిరి స్తంభాలేనని నాకనిపించింది. స్వరూపనడిగితే "ఏమో సారూ, రాయి రాయిలెక్కనే ఉంటది" అంది.

మల్లయ్య పందిళ్ళకు మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు చల్లించేవాడు. చల్లిన రోజు తోటంతా లేత నీలంగా ఉండేది. చల్లేముందు కొడవలి ఆ నీళ్ళలో ముంచి తీసేవాడు. దానిమీద ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని లెక్క. మర్నాడు నేను అదే కొడవలి అడిగి తెచ్చుకుని క్లాసులో చూపించేవాణ్ణి. నా క్లాసులో పిల్లలు నిద్రపోని రోజులు అవే.

మల్లయ్య లేడు. బావిలో పోయాడని ఎప్పుడో తెలిసింది. ఎలా పోయాడో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇల్లు సగం పాతదే. నేనున్న గదికి ఇప్పుడు రేకుల తలుపు. గుమ్మం పైన మేకుకి పాత కందిలి వేలాడుతోంది. మా వైపు లాంతరంటాం. మల్లయ్య బావిలోకి మనిషిని దింపేముందు తాడు కట్టి ఆ కందిలిని దింపేవాడు. పూడిక తీయాలన్నా, మోటారు పైకి తేవాలన్నా ముందు కందిలి దిగాలి. వెలుగుతూ అడుగుకి చేరితే మనిషి దిగొచ్చు. మధ్యలో ఆరిందా, ఎంత తొందర పని అయినా ఎవరూ దిగరు. వేపకొమ్మలు కట్టి బావిలో పైకీ కిందకీ ఆడిస్తారు, బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తారు, గాలి కదలాలని. మళ్ళీ కందిలి దింపుతారు.

మల్లయ్య భార్య సత్తమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"గిన్నేండ్లకు యాదికొచ్చినమా సారూ? జుట్టంత ఏడ పోయింది?"

"కెమిస్ట్రీకి ఇచ్చేశానమ్మా."

ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుచేపల కూర. మా గోదావరి వైపు పులుసంటే మరిగి మరిగి గిన్నెకు అంటుకోవాలి. ఇక్కడ పొయ్యి మొహమే చూపించకుండా, చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ పిసికి, పోపు పెట్టేస్తారు. మొదట్లో నేను దీన్ని వంట అని ఒప్పుకోలేదు. ఇప్పుడు మూడు గిన్నెలు తాగాను. రెండే. మూడోది కంచం మీద ఒలికింది.

సత్తమ్మ రొట్టె చరుస్తుంటే ముంజేతి మీద వంపు తిరిగిన మచ్చ కనిపించింది. "అదేమిటమ్మా?" అన్నాను.

"పెనం కాలింది" అంది, కొంగు లాక్కుంటూ.

తింటుంటే నాకు ఇంకో సంగతి అర్థమైంది. తల్లీ కూతుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఉన్నది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మాట మాత్రం నా మీదుగా పోయేది.

"సారూ, ఆమెకు ఇంకో రొట్టె కావాల్నా అడుగు."

"ఒద్దని చెప్పుండ్రి సారూ."

"గదేం తిండి అని అడుగు సారూ."

నేను టెలిఫోను తీగలాగా మధ్యలో కూర్చుని అటూ ఇటూ మాటలు మోశాను. నేను లేని రోజుల్లో గోడకి చెప్పుకుంటారేమో అనుకున్నాను.

రేకుల షెడ్డులో కెమిస్ట్రీ

శిక్షణ కేంద్రమన్నది తుక్కుగూడ వెళ్ళే దారిలో ఒక పెద్ద రేకుల షెడ్డు. నేను ఊళ్ళో చెప్పిన ఏసీ హాలు అదే. పైనుంచి విమానం దిగినప్పుడల్లా రేకులు దడదడలాడేవి. పాఠం ఆగేది. ముప్పయిమంది దాకా ఉన్నారు. గోదాముల వాళ్ళు, ఫైరు వాళ్ళు, ట్యాంకర్ డ్రైవర్లు. శిక్షకుడు భాస్కర్‌ది విజయవాడ వైపు. "మాస్టారూ, రండి రండి" అని ఆయన పిలిస్తే సొంతూరు బస్టాండులో దిగినట్టనిపించింది.

ముందు గోడ మీద బొమ్మలు చూపించాడు. పేకలో డైమండ్ గుర్తులా మూల మీద నిలబెట్టిన చదరాలు. అగ్గి బొమ్మ ఉంటే మండేది, పుర్రె ఉంటే విషం, చెయ్యి మీద చుక్కలు పడి తినేస్తున్నట్టుంటే యాసిడ్ జాతి. ట్యాంకరు వెనక ఆ బొమ్మ, ఒక నంబరు ఉంటాయి. దూరం నుంచి బైనాక్యులర్స్‌తో అది చదివాకే ఏ పనైనా.

షాద్‌నగర్ నుంచి వచ్చిన యాదగిరి అనే ట్యాంకర్ డ్రైవర్ లేచాడు.

"సారూ, మాకు రెండే తెలుసు. ఒకటి పెట్రోలు. రెండోది పెట్రోలు కానిది."

"పెట్రోలు కానిది కారితే ఏం చేస్తావు?"

"క్లీనర్‌ను దింపి వాసన చూడుమంట."

షెడ్డంతా నవ్వింది. నాకు గట్టిగా నవ్వు రాలేదు. మా రోజుల్లో మేమూ అదే చేసేవాళ్ళం. పరీక్షనాళిక మూతి మీద చెయ్యి విసిరి, ముక్కు పుటాలెగరేసి, ఇది కుళ్ళిన కోడిగుడ్డు, ఇది అమోనియా అని తేల్చేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా కోడిగుడ్డు కుళ్ళిన వాసనొస్తే జనం ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం శంషాబాద్ కాలేజీ ల్యాబులో కిటికీ పక్కన నా కుర్చీ గుర్తొస్తుంది.

"ఆ కోడిగుడ్డు గ్యాసే అన్నిటికంటే దొంగది" అన్నాడు భాస్కర్. "కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువైందనుకోండి, కాసేపటికి వాసనే ఉండదు. గ్యాస్ పోయిందని సంబరపడతారు. పోయింది గ్యాస్ కాదు, మీ ముక్కు. అందుకే ఇక్కడ ముక్కు వాడకం నిషేధం, మాస్టారికి కూడా."

తర్వాత నేను లేచాను. గ్యాసుల బరువుల గురించి చెప్పాను. క్లోరిన్ గాలికంటే బరువు, నేలబారుగా పాకి గుంటల్లో కూర్చుంటుంది. అమోనియా తేలిక, పైకి పోతుంది. భాస్కర్ మర్యాదగా దగ్గాడు. ట్యాంకులో ద్రవంగా నొక్కి పెట్టిన అమోనియా ఒక్కసారి బయటపడితే చల్లటి పొగమంచులా అదీ నేల మీదే పాకుతుందని చెప్పాడు. నాకు తెలుసన్నట్టు తలూపాను. నాకు తెలీదు.

మొహం నిలబెట్టుకోవాలని నా పాత విద్య బయటికి తీశాను. చెంబులో వంటసోడా, దానిమీద వెనిగర్. పొంగింది. పొంగు తగ్గాక ఖాళీగా కనిపిస్తున్న చెంబును వెలుగుతున్న కొవ్వొత్తి మీద మెల్లగా వంచాను, నీళ్ళు పోసినట్టు. చెంబులోంచి ఏమీ పడలేదు. కొవ్వొత్తి ఆరిపోయింది.

చప్పట్లు కొట్టారు. "ఏంది సారూ ఇది, మంత్రమా?" అన్నాడు యాదగిరి.

"కార్బన్ డయాక్సైడు. రంగు లేదు, వాసన లేదు, గాలికంటే బరువు. పాడుబడ్డ బావుల్లో అడుగున కూర్చుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ ఉండదు. దిగిన మనిషి ఈ కొవ్వొత్తిలాగే..."

కుర్చీ చప్పుడైంది. స్వరూప లేచి బయటికి వెళ్ళిపోయింది.

పాఠం అయ్యాక భాస్కర్ నన్ను పక్కకు పిలిచాడు. "స్వరూప చాలా తెలివైన మనిషి మాస్టారూ. రాతపరీక్షలో అందరికంటే ముందుంది. కానీ డ్రిల్లులో రెండుసార్లు తప్పింది. లీకు దగ్గర ఒకరిని పడుకోబెడతాం, వాళ్ళు అరుస్తారు. మాస్కు లేకుండా గీత దాటకూడదు. ఆవిడ అరుపు వినగానే పరిగెత్తేస్తుంది. అలా పరిగెత్తిన మనిషి ఇంకో శవం అవుతుంది, అంతే. రేపు ఆఖరి అవకాశం. రేపూ తప్పితే దళంలో చోటు లేదు, మళ్ళీ గేటు దగ్గరికే."

బండి చాయ్

రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర దొరికింది స్వరూప. అల్లం చాయ్, పక్కన విస్తరాకు దొన్నెలో గుడాలు. అంటే ఉడికించిన అలసందలు, పైన ఉల్లిపాయ, నిమ్మకాయ. మా వైపు గుగ్గిళ్ళంటాం, నిమ్మకాయ పిండం. ఎయిర్‌పోర్టు చాయ్‌కి ఇది మనవరాలైనా కాదు ధరలో, రుచిలో మాత్రం నాయనమ్మ.

వాళ్ళ బాపు మల్లయ్య పోయిన రోజు సంగతి ఆమె తల దించుకునే చెప్పింది.

"కందిల్ల నూనె లేదు సారూ. రేషన్ల గ్యాస్‌నూనె, గదే మీ కిరసనాయిలు, ఇచ్చుడు బందయ్యింది. మోటరు పైకి తియ్యాలె, పెంటయ్య దిగుతనన్నడు. జీతగాడు. బాపు కొత్త టార్చి దింపిండు తాడుకు కట్టి. తెల్లగ మెరిసింది. అడుగుదాక కనవడ్డది, మోటరు, నీళ్ళు, అన్నీ. లైటు మంచిగనే ఉంది గద అన్నడు బాపు."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. బ్యాటరీ దీపానికి గాలితో పనేముంది? గాలి లేకపోయినా వెలుగుతుంది. పాత ఆచారం అలాగే ఉంది, తాడూ అదే, చెయ్యీ అదే. దీపం ఒక్కటే మారింది.

"పెంటయ్య పడిపోయిండు. బాపు ఎనుకనే దిగిండు. సగం దాక పోయి, బిడ్డా అని పిలిచిండు సారూ. ఒక్కసారే. నేను మెట్ల మీద కాలు పెట్టిన. అమ్మ ఎనుకనుంచి నడుము పట్టుకుంది. ఇడుమన్న, ఇడవలె. నేను పోతే బాపు బతుకుతుండె. పిలిచిండు గద. పిలిస్తె పోవద్దా?"

నేను గంభీరంగా ఏదో పెద్ద మాట చెప్పానని మా ఊళ్ళో చెప్పాను. చెప్పలేదు. "గుడాలు తిను, చల్లారిపోతాయి" అన్నాను.

నేను చచ్చిపోతున్న రోజు

మర్నాడు డ్రిల్లులో కథానాయకుడి వేషం నాకే ఇచ్చారు. అంటే, క్లోరిన్ సిలిండర్ పక్కన కిందపడి మూలిగే మనిషి వేషం. రోజూ పడుకునే అతనికి జ్వరమొచ్చింది. నేను ఎగిరి ఒప్పుకున్నాను.

సిలిండర్ ఖాళీదే. పక్కన ఆకుపచ్చ పొగ వదిలారు. వెదురుకర్రకు గుడ్డ కట్టారు, గాలి ఎటు వీస్తోందో తెలియడానికి. దూరంగా సున్నంతో గీత. గీత అవతల స్వరూప, ఆమె చేతిలో మైకు గొట్టం, పక్కన ఇద్దరు మాస్కులూ సూట్లూ తొడుక్కుంటున్నారు. వాళ్ళు సిద్ధమయ్యేదాకా ఎవరూ రాకూడదు. ఆ సేపంతా నేను మూలుగుతూ ఉండాలి.

నేల మీద పడుకుని ఆలోచించాను. మెల్లగా మూలిగితే ఆమె నిలబడగలదు. పరీక్ష గట్టెక్కుతుంది. నాకు చేతనైన సాయం అది. కానీ రేపు నిజంగా సిలిండర్ పగిలిన రోజు, అక్కడ పడిన మనిషి ఈమె కోసం మెల్లగా మూలుగుతాడా? గొంతు చించుకుంటాడు. ఈమె పరిగెత్తుతుంది. మల్లయ్య వెనకే పోతుంది.

నా జీవితమంతా ఉన్నదానికి రెండింతలు చెప్పడమే పని. ఆ రోజు ఆ విద్యంతా గొంతులోకి తెచ్చుకున్నాను.

"బిడ్డా! బిడ్డా, పానం పోతుంది! రా బిడ్డా!"

మా యాస కాదది. మల్లయ్య యాస. విమానమేదీ రాలేదు, రేకులు చప్పుడు చేయలేదు. మైదానమంతా వినపడింది.

స్వరూప గీత మీదకి వచ్చేసింది. కాలు లేచింది. భాస్కర్ చేతిలో కలం కదలడం నాకు కనిపించింది. అయిపోయింది, ఈమె బతుకు నేనే పాడుచేశాననుకున్నాను. అయినా ఇంకోసారి అరిచాను.

ఆ కాలు గీత ఇవతల పడలేదు. వెనక్కి వెళ్ళింది. ఆమె వెదురుకర్ర మీద గుడ్డకేసి చూసింది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"బాపూ! నేను ఈడనే ఉన్న. నా మాట ఇనవడుతుందా? చెయ్యి లేపు."

లేపాను.

"లేచి నడుస్తవా?"

"కాలు పట్టేసింది!"

"చేతులున్నయి గద? పాకు. గాలి నా దిక్కు నుంచి వస్తుంది, నా దిక్కే రా. నోటికి తువాల అడ్డం పెట్టుకో. ఆగకు. నేను పిలుస్తనే ఉంట, నువ్వు వస్తనే ఉండు."

ఆమె గొంతులో ఏడుపుంది. కాళ్ళు మాత్రం కదల్లేదు. సైనికుడిలా మోచేతుల మీద పాక్కుంటూ వెళ్ళాను. ఎవరో ఫోనులో తీశారు, చూశాను. సైనికుడిలా లేను, గోడ మీంచి జారిపడ్డ బల్లిలా ఉన్నాను. ఈలోగా సూట్లు తొడుక్కున్న ఇద్దరూ వచ్చి సగం దారిలో నన్ను ఎత్తుకున్నారు. గుడ్డలతో సహా నిలబెట్టి పైపుతో నీళ్ళు కొట్టారు. ముఖ్య అతిథికి ఇలాంటి సన్మానం ఎక్కడా జరిగి ఉండదు.

భాస్కర్ వచ్చి స్వరూపకి నమస్కారం పెట్టాడు. "గీత దాటలేదమ్మా. పైగా పడ్డవాణ్ణి మాటతోనే బయటికి లాగారు. మేం అడిగిందానికంటే ఎక్కువే చేశారు."

ఆమె నా దగ్గరకొచ్చింది. "సారూ, కాలు నిజంగనే పట్టేసిందా?"

"నిజంగానే" అన్నాను. "ప్రాణం పోయిందనుకో."

పట్టలేదు. ఇది చదివితే ఆమెకు తెలుస్తుంది.

చివరి రొట్టె

ఆ సాయంత్రం సత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. నా కంచం, స్వరూప కంచం ఎదురెదురుగా. నా తడి బట్టలు కందిలి పక్కనే తీగ మీద ఆరుతున్నాయి. డ్రిల్లు సంగతి నేనే చెప్పాను, కొంచెం పెంచి. బల్లి సంగతి దాచి.

సత్తమ్మ అంతా విని, "గట్టిగ అరిచినవా సారూ?" అంది.

"మల్లయ్యలాగే."

రొట్టె చరిచే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"అమ్మా, చెయ్యి చూపియ్యి" అంది స్వరూప.

నేను వచ్చాక వాళ్ళిద్దరి మధ్యా నా మీదుగా రాని మొదటి మాట అది. సత్తమ్మ ముంజేతిని కొంగులోకి లాక్కుంది.

"ఏం లేదు. పెనం కాలింది."

"పెనానికి పండ్లుంటయా అమ్మా?"

స్వరూప లేచి, పొయ్యి పక్కన కూర్చుని, తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. వంపు తిరిగిన ఆ మచ్చ మీద వేలు పెట్టింది. బావి దగ్గర విడిపించుకోవడానికి తాను కొరికిన చోటు.

"బాగ నొచ్చిందా?"

"నువ్వు ఇడిపిచ్చుకోని పోతే నొస్తుండె" అంది సత్తమ్మ.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసనొచ్చింది. ముక్కు వాడకం నిషేధం కాబట్టి నేను నోరెత్తలేదు. సత్తమ్మే ఉలిక్కిపడి దాన్ని తీసి, పక్కన పడేసి, కొత్తది వేసింది. అలవాటుగా నా వైపు తిరిగింది.

"సారూ, ఆమెకు ఇంకో..."

ఆగింది. కూతురి వైపు తిరిగింది.

"బిడ్డా, ఇంకో రొట్టె ఎయ్యాల్నా?"

"ఎయ్యి. రెండెయ్యి."

టెలిఫోను తీగకి అక్కడితో పని అయిపోయింది. నా కంచంలో రొట్టె ఎప్పుడో ఖాళీ అయింది. ఆ సంగతి ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు.